కరెంటు మనది, బూడిద వాళ్లది

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు తెలుగువాళ్లం కరెంటును పంచుకున్నాం. తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం. దశాంశ బిందువు తర్వాత రెండంకెల దాకా పట్టుబట్టాం. ఆ తర్వాత కూడా బకాయిలెవరివి, ఒప్పందాలెవరివి అని ఏళ్ల తరబడి కొట్లాడుకుంటూనే ఉన్నాం. ఆ కరెంటు తయారుచేసే బొగ్గు ప్లాంట్ల నుంచి వచ్చే బూడిదలో ఎవరి వాటా ఎంత అని మాత్రం ఇటువైపు గానీ అటువైపు గానీ అడిగినవాళ్లు లేరు. అది అడగవలసిన ప్రశ్న అని కూడా మనకు తోచలేదు. ఆ పంపకం ఎప్పుడో తేలిపోయింది మరి: ఇబ్రహీంపట్నానికి కొంత, పాల్వంచకు కొంత, మిగిలింది రామగుండానికీ, పరవాడకూ, ముద్దనూరు పక్క ఊళ్లకూ.

ఒక చిన్న లెక్క వేద్దాం. మన బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. ఒక యూనిట్ కరెంటు తయారు కావడానికి సుమారు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. ఒక పడగ్గదిలో తెల్లవార్లూ ఏసీ నడిస్తే ఎనిమిది యూనిట్లు అవుతాయనుకుందాం. అది బొగ్గు కరెంటే అయితే ఐదు కిలోల బొగ్గు, కిలోన్నర పైచిలుకు బూడిద, ఏడెనిమిది కిలోల బొగ్గుపులుసు వాయువు. ఆ కిలోన్నర బూడిదను ఎవరైనా పొద్దున్నే మన గుమ్మం ముందు పోసి పోతే ఊరుకుంటామా? కాలనీ సంక్షేమ సంఘం రోడ్డెక్కుతుంది. అది ఎక్కడో పడుతోంది గనక మన వేసవి చల్లగా గడిచిపోతోంది. ఎండాకాలం గాలి లేస్తే ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెల మీద బూడిద దిగుతోందని ఆ ఊళ్లవాళ్లు ఏటా మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ వార్త జిల్లా ఎడిషన్‌లో వస్తుంది. జిల్లా ఎడిషన్ జిల్లా దాటి రాదు.

పొగ సంగతీ అంతే. థర్మల్ ప్లాంట్లు వదిలే గంధకపు పొగకు 2015 డిసెంబర్‌లో కేంద్రం పరిమితులు పెట్టింది, రెండేళ్లలో శుద్ధి యంత్రాలు బిగించుకోమంది. గడువు జరిగింది, మళ్లీ జరిగింది. చివరికి 2025 జులైలో, దేశంలోని ఎక్కువ ప్లాంట్లకు ఆ యంత్రాలే అక్కర్లేదని తేల్చేశారు. పదేళ్ల పాటు సాగిన ఈ వ్యవహారం మీద మనలో ఎంతమందిమి ఒక్క మాటైనా మాట్లాడాం?

పోనీ, కరెంటు అంటే పట్టని జాతా మనది? కానే కాదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ కదిలిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు పోయాయి. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి మొదటి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీదే పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. మన దగ్గర ప్రభుత్వాలు లేవడంలోనూ పడడంలోనూ కరెంటుకు పెద్ద పాత్రే ఉంది. ఇంత రాజకీయం నడిచినా మనం అడిగినవి రెండే: ఎంతకిస్తావు, ఎన్ని గంటలిస్తావు. దేనితో తయారుచేస్తావు, ఎవరి ఊళ్లో తయారుచేస్తావు అని అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే నాయకుడు ఎక్కడా ఉండడు.

ఇక్కడ రైతును తప్పుపట్టడం తేలిక, పట్నంవాళ్లకు అది అలవాటు కూడా. కాలువ కింద రైతుకు నీళ్లు దాదాపు ఊరికే పారుతున్నప్పుడు, అప్పు చేసి బోరు వేయించుకున్న మెట్ట రైతుకు కరెంటు ఉచితంగా ఇవ్వడం న్యాయమే. తప్పు ఆ తర్వాత జరిగింది, అది అందరిదీ. ఏడు గంటల కరెంటును రెండు విడతలు చేసి ఒక విడత అర్ధరాత్రి ఇస్తుంటే, చీకట్లో మోటారు వెయ్యబోయిన రైతులు పాముకాటుకీ షాకుకీ పోయారు. రైతుకు కావలసింది పగటి కరెంటు. పగలు మన నేల మీద దండిగా ఉన్నది ఎండ. ఈ రెండింటినీ కలపాలని తోచడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. సబ్‌స్టేషన్ పక్కన నాలుగైదు ఎకరాల బీడులో ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు పెడితే ఆ ఫీడరు కింద ఎన్నో మోటార్లు ఎండ ఉన్నంతసేపూ తిరుగుతాయి. 2019లో కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకం ఉద్దేశం ఇదే. ఆ పథకంలో సోలార్ పంపులు పెట్టించడంలో మహారాష్ట్ర, రాజస్థాన్, హర్యానా ముందుకు పోయాయి. మనం వెనకబడ్డాం.

ఎందుకు? పుణ్యానికి కరెంటు వస్తుంటే చేతిసొమ్ము కలిపి సోలార్ పంపు ఎందుకు పెట్టుకోవాలని రైతు అడుగుతాడు. సరైన ప్రశ్నే. డిస్కంలకు ఏటా వేల కోట్ల సబ్సిడీ కట్టే ప్రభుత్వం అందులో కొంత తీసి తనే ఎందుకు పెట్టించలేదన్నది మనం అడగాల్సిన ప్రశ్న. అడగకపోగా 24 అన్న అంకె మీద మోజు పెంచుకున్నాం. పాతిక లక్షలకు పైగా పంపుసెట్లున్న తెలంగాణలో మోటార్లకు ఆటోస్టార్టర్లు తగిలించి నిద్రపోయాం. భూగర్భజలమూ బొగ్గూ కలిసి తెల్లవార్లూ పైకి వచ్చాయి.

పట్నంలో మన నిర్వాకం ఇంతకన్నా గొప్పగా లేదు. మూడు కిలోవాట్ల సోలార్ పలకలకు 2024 నుంచి కేంద్రం 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తోంది. ఫాల్స్ సీలింగుకూ మాడ్యులర్ కిచెన్‌కూ లక్షలు పోసేటప్పుడు రాని లాభనష్టాల లెక్క, ఇక్కడికొచ్చేసరికి ముందుకొస్తుంది. ఎన్నేళ్లకు గిట్టుబాటవుతుందని అడుగుతాం. అపార్ట్‌మెంటు అయితే మేడ మీద హక్కు ఎవరిదన్న తగవు దగ్గరే ఆగిపోతాం.

బొగ్గు బెల్టుకు మనం చేసిన అన్యాయం ఇంకొక రకం. అక్కడివాళ్లను మరిచిపోలేదు, పైగా నెత్తిన పెట్టుకున్నాం. నల్ల సూరీళ్లన్నాం, బొగ్గును నల్ల బంగారమన్నాం. నాలాంటి రాసేవాళ్లం ఆ మాటలతోనే పేజీలు నింపాం. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టిన నాటి నుంచి మూడు నాలుగు తరాలు ఆ బాయిల్లోకి దిగాయి. 1990ల మొదట్లో సింగరేణి బొగ్గు గనుల్లో లక్షా పదహారు వేల మంది దాకా కార్మికులుండేవారు. ఇవాళ నలభై వేలకు అటూఇటూ. బొగ్గు మాత్రం తగ్గలేదు, కొన్ని రెట్లు పెరిగింది. భూగర్భ బాయిలు మూసి ఓపెన్‌కాస్టులు తవ్వితే జరిగేది అదే: మనిషి పని యంత్రం చేస్తుంది, ఊరు గొయ్యి అవుతుంది, తవ్విపోసిన మట్టి గుట్ట అవుతుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఓపెన్‌కాస్టులు వద్దన్న గొంతులు రాష్ట్రం వచ్చాక సన్నగిల్లాయి. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా పని ఆపితే కరెంటు కోతలు మొదలయ్యాయి. బాయిలో దిగే మనిషికీ ఇంట్లో వెలిగే బల్బుకూ ఉన్న సంబంధం పట్నానికి స్పష్టంగా కనబడింది అప్పుడే. సమ్మె ముగిసింది, ఆ చూపూ మాసిపోయింది.

బొగ్గు అయిపోయాక గోదావరిఖని ఏం చేసి బతకాలి, మందమర్రి ఏం చేసి బతకాలి అన్నది ఎవరి ఎజెండాలోనూ లేదు. కార్మిక సంఘాల ఎన్నికలు వారసత్వ ఉద్యోగాల మీద, లాభాల వాటా మీద జరుగుతాయి. ఆ కోరికలు న్యాయమైనవే. కానీ కొడుక్కి ఉద్యోగం అడిగేటప్పుడు మనవడికి ఏముంటుందో కూడా అడగాలి. బాయిలు మూతపడ్డాక వెలవెలబోయిన ఊరు ఎలా ఉంటుందో బెల్లంపల్లి మనకు ఎప్పుడో చూపించింది. చూసి, అయ్యో అని, ముందుకెళ్లిపోయాం. ఇక్కడి గనులు చాలక 2025లో సింగరేణి ఒడిశాలోని నైనీలో తవ్వకం మొదలుపెడితే పండగ చేసుకున్నాం. అంగుల్ జిల్లా ఊళ్లకు ఇక మనం ఏమవుతామో ఆలోచించామా?

థర్మల్ ప్లాంట్లు మన నెత్తిన ఎవరో రుద్దారనుకుంటే అదీ అబద్ధమే. తెలంగాణలో ఎన్టీపీసీ 4,000 మెగావాట్లు పెట్టాలని 2014 విభజన చట్టంలో రాయించుకున్నది మనం. 2015లో దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో మరో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటుకు శంకుస్థాపన జరిగితే అంతపెద్ద ప్లాంటు మన దగ్గరేనని మురిసిపోయాం. సోలార్ ధరలు ఏటికేడు పడిపోతున్న కాలం అది. రామగుండంలో 2022లో రిజర్వాయరు నీళ్ల మీద సుమారు 500 ఎకరాల్లో 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలాయి, ఫొటోలు ఊరూరా తిరిగాయి. ఆ ఫొటోల హడావుడిలోనే అక్కడ కొత్తగా 1,600 మెగావాట్ల బొగ్గు యూనిట్లు లేచాయి. నూరుకు చప్పట్లు కొట్టాం, పదహారు వందల్ని చూడనట్టు నటించాం.

అడ్డుపడ్డవాళ్లు లేకపోలేదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్ని థర్మల్ ప్లాంటుకు ఇవ్వబోమని రైతులు, జాలర్లు నిలబడ్డారు. 2010 జులై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతి రద్దయిందీ ఆ రోజే. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లిలో, మరో థర్మల్ ప్లాంటు దగ్గరా కాల్పులే. తెలుగునాట బొగ్గు ప్లాంటుకు ఎదురు నిలిచి గెలిచిన పోరాటమంటే మొదట చెప్పుకోవలసింది సోంపేటే. దాన్ని మనం ఏం చేశాం? అక్కడి భూముల గొడవగా చూశాం. సోంపేట వద్దన్న ప్లాంట్లు నెల్లూరు తీరంలో కృష్ణపట్నం చుట్టూ వరసగా లేచాయి, విదేశీ బొగ్గు ఓడల్లో దిగింది, మనకు కరెంటు అందింది. ఇక ఎవరేమన్నా పట్టించుకోలేదు.

సరే, ఎండా గాలీ వచ్చాయి. ఓర్వకల్లు దగ్గర 2017లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు మొదలైనప్పుడు అది ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. సుమారు ఆరు వేల ఎకరాలు. అనంతపురం వైపు ఎన్‌పీ కుంటలో మరొకటి. అక్కడ పట్టా ఉన్నవాళ్లకు పరిహారం దొరికింది, కాగితం లేకుండా సాగు చేసుకుంటున్నవాళ్లు దాని కోసం పోరాడాల్సి వచ్చింది. గొర్రెలు మేసిన బీళ్లకు కంచె పడింది. ఊరి భూమి పోయింది, ఆ ఊరికి ప్రాజెక్టులో వాటా మాత్రం రాలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎర్రవరం దగ్గర, నీటిని పైకి తోడి కరెంటును దాచే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టును ఆదివాసులు వద్దంటుంటే మనకు అది అభివృద్ధికి అడ్డంకిగా కనబడుతోంది. ఆదివాసుల భూమి బయటివాళ్ల చేతికి పోకూడదనే 1/70 చట్టం ఉన్న నేల అది. ఇంధనం మారింది గానీ, మన కోసం ఇంకెవరో జాగా ఖాళీ చేయాలన్న మన ధోరణి మారలేదు. ఈ సంగతి ఒప్పుకోకుండా సౌరశక్తి గురించి ఎంత తియ్యగా మాట్లాడినా అది మోసమే.

రాత్రిపూట ఎండ ఉండదు కదా, మరి బొగ్గు లేకుండా ఎలా అని తెలివిగా అడుగుతుంటాం. అడగాల్సిందే. కానీ జవాబులో కొంత భాగం మన కృష్ణా నది మీదే ఉంది. నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోనూ ఉన్న టర్బైన్లు దాదాపు అన్నీ రెండు వైపులా పనిచేసే రకం. మిగులు కరెంటు ఉన్నప్పుడు కింది నీటిని పైకి తోడి, కావలసినప్పుడు మళ్లీ వదిలి కరెంటు తీయవచ్చు. రెండు చోట్లా కలిపి పదిహేను వందల మెగావాట్లకు పైమాటే. మధ్యాహ్నపు ఎండను రాత్రికి దాచిపెట్టగల యంత్రాలు చేతిలో ఉండి మనం ఏం చేశాం? 2021లో ఆ కేంద్రాల్లో కరెంటు తయారీ మీద తగవుపడి సాగర్ డ్యామ్‌కు రెండు వైపులా రెండు రాష్ట్రాల పోలీసుల్ని నిలబెట్టాం.

తప్పంతా పాలకులదని అనుకుంటే కాస్త మనశ్శాంతి దొరుకుతుంది. కానీ వాళ్లు ఇన్నేళ్లుగా మనం కోరిందే చేశారు. చవగ్గా ఇవ్వు, ఆగకుండా ఇవ్వు, ఎక్కడి నుంచి తెచ్చావో మాకు చెప్పకు అన్నాం. వాళ్లు చెప్పలేదు.

ఇకనైనా అడగాలంటే చోటు ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ విద్యుత్ నియంత్రణ మండళ్లు టారిఫ్ ప్రతిపాదనల మీద బహిరంగ విచారణ జరుపుతాయి. దేనితో తయారైన కరెంటు ఎంత కొంటారో, ఏ ప్లాంటుకు ఎంత కడతారో డిస్కంలు అక్కడ లెక్క చెప్పాలి. హాలులో కనబడేది పరిశ్రమల తరఫు లాయర్లు, కొందరు రైతు నాయకులు, ఒకరిద్దరు పాత ఇంజనీర్లు. మిగతా కుర్చీలు ఖాళీ. ఈసారి పేపర్లో నోటీసు పడినప్పుడు చూసి వదిలెయ్యకండి, అభ్యంతరం రాసి పంపండి. దానికి లాయరు అక్కర్లేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు.