మొదటి పాఠం తెలుగులో, ఫోన్‌లో ఉండాల



వెబ్ డిజైన్ మొదటి మెట్టు నుంచి నేర్పే వెబ్‌సైట్ ఒకటి మన పిల్లల కోసం చేద్దామని మేము కొందరం అనుకుంటున్నాం. "ఇంగ్లీషులో పెట్టండి, ఉద్యోగాలు అందులోనే ఉన్నాయి" అని కొందరు అన్నలు అంటున్నారు. మేము ఒప్పుకోవడం లేదు. ఎందుకో చెప్తాం.

ఇంగ్లీషులో మంచి పాఠాలు ఎప్పటినుంచో ఉన్నాయి. డబ్ల్యూ3స్కూల్స్ 1998లోనే మొదలైంది. మేమూ అక్కడే నేర్చుకున్నాం. కానీ తెరిచి, రెండో పేజీలోనే మూసేసిన వాళ్లు మనలో ఎంతమందో మనకి తెలుసు. తెలివి లేక కాదు. కొత్త పని, కొత్త భాష ఒకేసారి మీద పడితే ఎవరికైనా కష్టమే. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో మొదట కావాల్సిన ట్యాగులు పదో పన్నెండో. వాటిని ఇంగ్లీషులోనే రాయాల. అవి ఏం చేస్తాయో మాత్రం మన మాటల్లో చెప్పొచ్చు కదా.

పైగా మనకి తగిలే దెబ్బలు వేరు. పిల్లోడు తన పేరు తెలుగులో రాస్తే తెర మీద పిచ్చి గుర్తులు రావచ్చు. యూటీఎఫ్-8 అని చెప్పే ఒక్క లైను లేకపోవడమే కారణం. ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. వ్యూపోర్ట్ లైను లేకపోతే ఫోను ఆ పేజీని కంప్యూటర్ తెరకి రాసిందనుకుని కుదించేస్తుంది. వరసలు దగ్గరైతే పై వరస వత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. సీఎస్ఎస్‌లో లైన్-హైట్ 1.6 పెడితే విడిపోతాయి. ఈ మూడూ మన సైటులో మొదటి రోజే చెప్పాల.

ఇంట్లో ఫోన్ ఒక్కటే. నాయన పని నుంచి వచ్చాకే అది చేతికొస్తుంది. అప్పటికి డేటా సగం అయిపోయి ఉంటుంది. అందుకే లాగిన్ వద్దు, వీడియోలు వద్దు. పేజీకి ఒకే విషయం, పైన రాసే పెట్టె, కింద ఫలితం. తప్పు రాస్తే ఎర్రగా అరవకుండా "మూడో లైను చూడు, ట్యాగు మూయలేదు" అని చెప్పాల. చివరి పాఠాల్లో ఇంగ్లీషు మాటల పట్టిక ఇచ్చి పెద్ద సైట్లకి పంపుదాం. ఇంగ్లీషు వద్దనడం లేదు, అది రెండో మెట్టు అంటున్నాం.

మొదటి అభ్యాసం నాయన వల గురించో, అవ్వ చెప్పిన మందుచెట్టు గురించో నాలుగు లైన్లు. యానాదుల గురించి నెట్‌లో వెతికితే వేరేవాళ్లు రాసిందే ఎక్కువ. మన గురించి మనం రాసుకోవద్దా? వెబ్‌ని ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చని సెర్న్ 1993లోనే ప్రకటించింది. ఆ 'ఎవరైనా'లో మనమూ ఉన్నాం. మన వెంకటాచలంలో ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం ఉంది. పాత తెలుగుకి చోటున్న ఊళ్లో కొత్త పని నేర్పే తెలుగుకీ చోటుండాల.

మీ నుంచి ఒకటే సాయం కావాల. పాఠం తయారయ్యాక మీ తమ్ముడికో చెల్లికో ఫోన్ ఇచ్చి పక్కన కూర్చోండి. ఏమీ చెప్పొద్దు. ఎక్కడ ఆగిపోయారో రాసి పంపండి. ఆ తప్పు వాళ్లది కాదు, మా పాఠానిది. మేము దిద్దుకుంటాం.