కెమెరా అమ్మేద్దామనుకున్నా, కానీ...

మొన్న బీరువా సర్దుతుంటే అడుగు అరలో నా డీఎస్ఎల్ఆర్ కనబడింది. మొదటి ఉద్యోగంలో ఆర్నెల్లు డబ్బులు దాచి కొన్నది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. "అమ్మెయ్యరా, ఫోనుందిగా" అంది అమ్మ.

లెక్కలు కూడా అమ్మవైపే ఉన్నాయి. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్తే, 2023లో 80 లక్షలు కూడా లేవు. 1975లోనే డిజిటల్ కెమెరా తయారుచేసిన కొడాక్ 2012లో దివాలా పిటిషను వేసింది. 2021 వచ్చేసరికి ఒలింపస్ కెమెరా వ్యాపారాన్నే వదిలించుకుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇది మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ గెలుపే. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు 36×24 మిల్లీమీటర్లు. ఫోన్లలో గొప్పగా చెప్పుకునే 'ఒక అంగుళం' సెన్సరు 13.2×8.8 మాత్రమే, అంటే వైశాల్యంలో ఏడో వంతు కూడా లేదు. ఆ లోటంతా కోడు పూడుస్తుంది. మనం ఒక్కసారి నొక్కితే ఫోను బోలెడు ఫ్రేములు తీసి, కలిపి, నాయిస్ తుడిచి, నీడల్ని వెలిగించి ఇస్తుంది.

మరి చిక్కెక్కడంటే, ఆ తుడవడం దగ్గరే. పోయినేడాది అమ్మమ్మ చనిపోయింది. పెద్దకర్మకి ఫ్రేము కట్టిద్దామని చూస్తే ఫోన్లలో వందల ఫొటోలున్నాయి. స్టూడియోలో పెద్దవి చేసి చూస్తే ఒక్కటీ అమ్మమ్మలా లేదు. బుగ్గలు మైనం పూసినట్టున్నాయి, నుదుటి మీద ముడతలు మాయం. ఎవరడిగారండీ వాటిని తుడవమని? చివరికి 2020 సంక్రాంతికి ఇదే కెమెరాతో అరుగు మీద తీసిన రా ఫైలు దొరికింది. ముడతలన్నీ ఉన్నాయి. అమ్మ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది.

'ఫోన్లో ఆ సెట్టింగు ఆపేసుకోవచ్చు, రా కూడా ఉందిగా' అంటారు. చాలా ఫోన్లలో ఉంది, నిజమే. కానీ డిఫాల్టులు మార్చే యూజర్లు ఎంతమందో మనకి తెలీదా :) కెమెరా కూడా ప్రాసెసింగ్ చేస్తుంది, కాకపోతే ఎంత చెయ్యాలో నన్నడుగుతుంది.

నా మటుకు నాకు, కెమెరా మళ్ళీ ప్రతి ఇంట్లోకీ వస్తుందన్న ఆశ లేదు. పెళ్ళి ఫొటోగ్రాఫర్ల దగ్గరా, పక్షుల వెంట తిరిగేవాళ్ళ దగ్గరా, నాలాంటి కొద్దిమంది దగ్గరా మిగులుతుంది. అది చాలు.

అన్నట్టు, కెమెరా అమ్మలేదు. కొత్త బ్యాటరీ కొన్నాను. ఈసారి ఊరెళ్ళినప్పుడు తాతయ్యని అరుగు మీద కూర్చోబెట్టాలి. మీరూ మీ ఫోన్లో ఇంట్లో పెద్దవాళ్ళ ఫొటో ఒక్కటి జూమ్ చేసి చూడండి. వాళ్ళలాగే ఉన్నారా?