అడుగనిదే అమ్మయైన పెట్టదా?

ఉద్యోగినులకు జీతము తక్కువేల యని ప్రశ్నించినచో మన వ్యాపారసంస్థల యజమానులలో పలువురికి నాలుకచివర నొక సామెత సిద్ధముగా నున్నది: “అడుగనిదే అమ్మయైన పెట్టదు.” పురుషులు బేరమాడుదురట, స్త్రీలు చెప్పినదానికి తలయూపుదురట, కావున లోపము స్త్రీలదేయట! కొందరు హితైషులు సైతము ఈ మాటను నమ్మి, స్త్రీలకు బేరమాడు విద్య నేర్పినచో చాలునని ఉపదేశించుచున్నారు. మేమీ వాదము నంగీకరింపజాలము.

బేరము సమానుల నడుమ జరుగవలెను. ఆ కొలువునకు కేటాయించిన సొమ్మెంతయో, ప్రక్కబల్లవాని జీతమెంతయో యజమానికి తెలియును. కొలువు కోరి వచ్చిన స్త్రీకి తెలియదు. చీకటిలో నిలిపి ధర చెప్పుమని, చెప్పిన ధర తక్కువైనచో అదియే నీ విలువ యనుట న్యాయమా? పోనీ, అడిగినదాని గతి యేమి? పురుషుడడిగిన కార్యదక్షుడు, స్త్రీ యడిగిన గడుసుది. అమ్మ యడుగనిదే పెట్టకపోవచ్చును గాని, అడిగిన బిడ్డను గయ్యాళి యని పంక్తినుండి లేపదు గదా!

మొదటినాటి నష్టము మొదటినాటితో పోదు. ఒకే పనికి పురుషునకు నెలకు 36,000 రూపాయలును, స్త్రీకి 30,000 రూపాయలును ఇచ్చిరనుకొందము. ఏటేట ఇరువురికిని నూటికి 10 వంతున పెంచినను, ఐదు పెంపుదలలు ముగియునప్పటికి 6,000 రూపాయల తేడా 9,600 దాటును. ఆమె వేరొక సంస్థకు పోయినచో “పాత జీతమెంత?” యను ప్రశ్న ఆమెకన్న ముందే అచ్చట కూర్చుండియుండును.

ఈ బేరమును చట్టము మన్నించునా? సమానమైన పనికి స్త్రీపురుషులకు సమాన వేతనము లభింపవలెనని రాజ్యాంగము 39వ అధికరణము రాజ్యమును ఆదేశించినది. 1976లో సమాన వేతన చట్టము వచ్చినది. మెకినన్ మెకంజీ కంపెనీ పురుష స్టెనోగ్రాఫర్లకన్న స్త్రీ స్టెనోగ్రాఫర్లకు తక్కువ జీతమిచ్చి, కార్మికసంఘముతో ఒడంబడిక జరిగినదనియు, తన ఆర్థికస్థితి బాగుండలేదనియు వాదించెను. ఆ రెండు వాదములను 1987లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చెను. 2019 నాటి వేతనముల కోడును సమాన వేతన సూత్రమును నిలుపుకొన్నది. సంఘము కూర్చుండి చేసిన ఒడంబడికయే చట్టమునెదుట నిలువనప్పుడు, ఒంటరి యువతి ఉద్యోగము పోవునేమోయని ‘ఊ’ యన్న మాట యెట్లు నిలుచును?

ప్రతి పదవికి జీతము ముందే ప్రకటించుట అసాధ్యమందురు. ప్రభుత్వ కార్యాలయములలో ఎట్లు సాధ్యమైనది? అచ్చట గుమాస్తాగా చేరు స్త్రీయు బేరమాడదు, పురుషుడును బేరమాడడు. వేతనశ్రేణి అందరి కన్నులయెదుట నుండును. దానివలన ఆకాశము విరిగి పడలేదు. ప్రైవేటు సంస్థలును జీతపుశ్రేణిని ప్రకటనలోనే తెలుపవలెను. పాత జీతము నడుగుట మానవలెను. కార్మికసంఘములు పదవులవారీగా స్త్రీపురుషుల జీతముల పట్టికను కోరవలెను.

పాఠకసోదరులారా! మీరు చేయదగిన పనియు నొకటి కలదు. మీ ప్రక్కన అదే పని చేయు సోదరికి మీ జీతమెంతయో చెప్పుడు. ఈ రహస్యమువలన లాభము యజమానికే గాని మీకు గాదు. తక్కువకు పనిచేయు చేయి దొరకినంతకాలము మీ జీతమునకును భద్రత లేదు. జీతము భిక్ష కాదు, చేసిన పనికి బాకీ. భిక్ష నడిగి పుచ్చుకొనవలెను. బాకీ అడుగకున్నను చెల్లింపవలెను.