క్వార్టర్‌బ్యాక్ ఏ పార్టీ?

2017 మార్చి 20న కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సభ జరిగింది. ఒబామా కాలం నాటి ఆరోగ్య బీమా చట్టాన్ని ఎత్తేయడానికి మద్దతు కూడగడుతున్న రోజులవి. మధ్యలో మాట ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. శాన్‌ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్‌ను ఏ జట్టూ తీసుకోవడం లేదనీ, తీసుకుంటే తాను ట్వీట్‌తో ఎక్కడ విరుచుకుపడతానోనని యజమానులు జంకుతున్నారనీ ఆయన చెప్పుకొచ్చారు. జనం హోరెత్తారు. ఆటగాడి పేరు ఆయన ఎత్తలేదు. అంతకుముందు ఏడాది జాతీయ గీతం వేళ నిరసన తెలిపిన కోలిన్ కేపర్నిక్ గురించేనని అక్కడున్న వాళ్లకు విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఒక జట్టులో ఎవరుండాలన్న ప్రశ్న దేశాధ్యక్షుడి సభలో చప్పట్ల అంశమైతే, ఆ జట్టు అభిమానులు ఆట గురించి మాట్లాడుకునే తీరు కూడా మారిపోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ అభిమానుల విషయంలో జరిగింది అదే. తొమ్మిదేళ్లు గడిచినా ఆ మార్పు అలాగే నిలిచి ఉంది. దాని వల్ల లాభపడింది ఏ పార్టీయో ఆరా తీసేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి లాభపడింది జట్ల యజమానులు. ఎవరిని ఎందుకు తీసుకున్నారో, ఎవరిని ఎందుకు వదిలేశారో వాళ్లు జవాబు చెప్పాల్సిన అవసరం తప్పిపోయింది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టుకు సీజన్‌లో 53 మంది ఆటగాళ్లుంటారు. జీతాలన్నీ కలిపి ఇంతకు మించకూడదని లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) ఏటా ఒక గరిష్ఠ పరిమితి పెడుతుంది. ఒకరికి ఎక్కువిస్తే ఇంకొకరిని వదులుకోవాల్సిందే. అందుకే అక్కడి అభిమాని ఆట చూడటంతో ఆగడు. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా తీసుకునే డ్రాఫ్ట్‌లో ఎవరిని ఎంచుకోవాలి అని ఏడాది పొడవునా లెక్కలు వేస్తూనే ఉంటాడు. ఆ లెక్కల్లో పెద్దపీట క్వార్టర్‌బ్యాక్‌ది. దాడి మొత్తాన్ని నడిపేది అతనే, జీతాల మూటలో సింహభాగమూ చాలాసార్లు అతనిదే.

కేపర్నిక్‌ను నైనర్స్ 2011 డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో, మొత్తం మీద 36వ ఎంపికగా తీసుకుంది. 2012 నవంబరులో అలెక్స్ స్మిత్ తలకు దెబ్బ తగిలి తప్పుకోవడంతో ఇతనికి అవకాశం దక్కింది. స్మిత్ కోలుకున్నా చోటు తిరిగి దక్కలేదు. ఆనాడు అభిమానులు రెండుగా చీలి వాదించుకున్నది నూటికి నూరుపాళ్లు ఆట గురించే: నిలకడగా ఆడే స్మిత్ మేలా, మెరుపులా పరిగెత్తే కుర్రాడు మేలా అని. 2013 జనవరిలో గ్రీన్‌బే మీద కేపర్నిక్ 181 గజాలు పరిగెత్తి, ఒక మ్యాచ్‌లో ఏ క్వార్టర్‌బ్యాక్ కూడా చేయనిది చేసి చూపించాడు. మరుసటి నెల లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో జట్టు బాల్టిమోర్ చేతిలో 31-34తో ఓడింది. 2014లో ఆరేళ్లకు గరిష్ఠంగా 12.6 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. 2015 వచ్చేసరికి ఆట తగ్గింది, గాయాలు ముసిరాయి, బ్లెయిన్ గాబర్ట్ కోసం అతన్ని పక్కన కూర్చోబెట్టారు.

2016 ఆగస్టు 26న శాంతాక్లారాలోని లీవైస్ స్టేడియంలో ప్రీసీజన్ మ్యాచ్‌కు ముందు, జాతీయ గీతం పాడుతుండగా కేపర్నిక్ బెంచి మీదే కూర్చుండిపోయాడు. నల్లజాతి వారిపై పోలీసుల హింసకు నిరసన అని చెప్పాడు. సైన్యంలోని ప్రత్యేక దళంలో పనిచేసి, కొద్దికాలం సియాటిల్ జట్టులోనూ ఉన్న నేట్ బోయర్ అతనితో మాట్లాడాడు. తోటి సైనికుడి సమాధి ముందు సైనికులు మోకాలు వంచుతారనీ, కూర్చోవడం కంటే అది గౌరవంగా ఉంటుందనీ సూచించాడు. సెప్టెంబరు 1న శాన్‌డియేగోలో కేపర్నిక్, సహచరుడు ఎరిక్ రీడ్ పక్కపక్కనే మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆ భంగిమ పుట్టుకలో ఒక మాజీ సైనికుడి సలహా ఉందన్న సంగతి తర్వాతి రచ్చలో దాదాపుగా వినిపించలేదు.

ఇంకొక సంగతి కూడా మరుగున పడింది. నిరసన మొదలైనప్పుడు దేశాధ్యక్షుడు బరాక్ ఒబామా. ఆ ఏడాది ఎన్నికల్లో ఇద్దరు ప్రధాన అభ్యర్థులనూ కేపర్నిక్ తప్పుబట్టాడు. అసలు ఓటే వేయలేదని తానే ఒప్పుకున్నాడు. అందుకు అతన్ని సమర్థించే వాళ్లలోనే చాలామంది కోప్పడ్డారు. ఏ పార్టీకీ ఓటు వేయని మనిషికి ఏడాది తిరక్కుండా దేశమంతా కలిసి ఒక పార్టీ రంగు పులిమింది.

ఇక ఆట లెక్కలు. 2016లో నైనర్స్ 16 మ్యాచ్‌లలో గెలిచింది రెండే. కేపర్నిక్ ఆరంభించిన 11 మ్యాచ్‌లలో జట్టు ఒక్కటే గెలిచింది. డిసెంబరులో షికాగో మంచులో ఐదు పాస్‌లు విసిరి ఒక్కటే పూర్తి చేయించాడు, దక్కింది నాలుగు గజాలు, చివరికి పక్కన కూర్చున్నాడు. అతను పనికిరాడనే వాళ్లు చూపే లెక్క ఇది. అదే సీజన్‌లో అతనివి 16 టచ్‌డౌన్ పాస్‌లు, ప్రత్యర్థికి చిక్కినవి నాలుగే, రేటింగ్ 90.7. జట్టు డిఫెన్స్ ఇచ్చిన పాయింట్లలోనూ గజాలలోనూ లీగ్‌లోని 32 జట్లలో అట్టడుగున ఉంది. అన్యాయం జరిగిందనే వాళ్లు చూపే లెక్క ఇది. రెండూ నిజాలే. మామూలు రోజుల్లో అయితే అభిమానులు వీటిని పక్కపక్కన పెట్టి చూసుకుని, ఇతను నంబర్ వన్ ఆటగాడు కాకపోవచ్చు గానీ 32 జట్లలో రెండో క్వార్టర్‌బ్యాక్‌గానైనా పనికొస్తాడని ఒక అంచనాకు వచ్చేవారు. ఆ రోజుల్లో అటూ ఇటూ ఎవరి లెక్క వాళ్లే పట్టుకుని ఎదుటివాడి లెక్కను అబద్ధమన్నారు. అంకె ఏ వైపుదో తెలిస్తే చాలు, చెప్పినవాడు ఎవరికి ఓటేశాడో చెప్పేయొచ్చు అనేంత వరకు వెళ్లింది.

కేపర్నిక్ 2017 మార్చిలో తనంతట తానే ఒప్పందం నుంచి బయటికొచ్చాడనే వాదన కూడా ఉంది. అది సగం నిజం. అప్పుడే కొత్త జనరల్ మేనేజర్‌గా జాన్ లించ్, కొత్త కోచ్‌గా కైల్ షానహాన్ వచ్చారు. అతను బయటికి రాకపోయినా తాము వదిలేసేవాళ్లమని లించ్ తర్వాత చెప్పాడు. కొత్త కోచ్ తన పద్ధతికి సరిపోయే ఆటగాణ్ని వెతుక్కోవడం తప్పేం కాదు. ఆ ఒక్క నిర్ణయాన్ని ఆట నిర్ణయంగానే చూడటం న్యాయం. చిక్కంతా మిగతా 31 జట్ల దగ్గరే ఉంది. ఆ వేసవిలో 68.4 రేటింగ్ ఉన్న గాబర్ట్‌కు అరిజోనాలో చోటు దొరికింది. కేపర్నిక్‌కు ఎక్కడా దొరకలేదు.

ఎందుకు దొరకలేదో ఒక యజమాని మాటల్లోనే కొంత తెలిసింది. న్యూయార్క్ జెయింట్స్ యజమాని జాన్ మారా, లీగ్‌లో తన ఇన్నేళ్లలో ఏ విషయం మీదా అభిమానుల నుంచి ఇంత ఆవేశంతో ఉత్తరాలు రాలేదని చెప్పాడు. తమ జట్టువాళ్లెవరైనా అలా చేస్తే మళ్లీ మ్యాచ్‌కే రామని రాసినవాళ్లున్నారట. బాల్టిమోర్ యజమాని స్టీవ్ బిషాటీ అతన్ని తీసుకోవడం గురించి ఆలోచిస్తూ అభిమానుల అభిప్రాయం అడిగాడు. తీసుకోలేదు. అంటే జట్టు కూర్పులో టికెట్ కొనేవాడి రాజకీయం కూడా ఒక కొలమానమైంది. ఆ కొలమానం ఏ కోచ్ పలకమీదా కనబడదు.

యజమానులకు సొంత రాజకీయాలు లేవనుకోవడానికీ లేదు. డాలస్ యజమాని జెర్రీ జోన్స్, న్యూ ఇంగ్లండ్ యజమాని రాబర్ట్ క్రాఫ్ట్‌తో సహా కనీసం ఏడుగురు యజమానులు 2017లో ట్రంప్ ప్రమాణ స్వీకార ఉత్సవాలకు విరాళాలిచ్చారు. న్యూయార్క్ జెట్స్ యజమాని వుడీ జాన్సన్ బ్రిటన్‌కు రాయబారిగా వెళ్లాడు. ట్రంప్‌కూ ఫుట్‌బాల్ కొత్త కాదు. 1980లలో పోటీ లీగ్ అయిన యూఎస్‌ఎఫ్‌ఎల్‌లో న్యూజెర్సీ జనరల్స్ ఆయనదే. ఎన్‌ఎఫ్‌ఎల్ మీద ఆ లీగ్ వేసిన దావా గెలిచింది గానీ 1986లో జ్యూరీ ఇచ్చిన నష్టపరిహారం ఒక్క డాలరు, చట్టం ప్రకారం మూడింతలు చేస్తే మూడు డాలర్లు. 2014లో బఫెలో బిల్స్‌ను కొనబోయినా దక్కలేదు. ఈ చరిత్ర తెలియకుండా 2017 సెప్టెంబరు నాటి ఘటనలు పూర్తిగా అర్థం కావు.

సెప్టెంబరు 22న అలబామాలోని హంట్స్‌విల్ సభలో ట్రంప్, మోకాలు వంచే ఆటగాళ్లను బూతుమాటతో తిట్టి, యజమానులు వాళ్లను మైదానం నుంచి గెంటేయాలని పిలుపునిచ్చారు. ఆ ఆదివారం రెండు వందల మందికి పైగా ఆటగాళ్లు మోకాలు వంచారు లేదా కూర్చున్నారు. పిట్స్‌బర్గ్ జట్టు షికాగోలో సొరంగ మార్గంలోనే ఉండిపోతే, అఫ్గానిస్తాన్‌లో పనిచేసిన మాజీ సైనికాధికారి అలెహాండ్రో విల్యానువేవా ఒక్కడే ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒక్క రోజులో అతని జెర్సీ అమ్మకాల్లో మొదటికి వెళ్లింది. ఏడాది క్రితం అదే చోట కేపర్నిక్ జెర్సీ ఉంది. జెర్సీ కొనడం ఓటు వేయడంతో సమానమైపోయింది. జట్టు సభ్యుల నుంచి విడిగా కనబడాలన్నది తన ఉద్దేశం కాదని విల్యానువేవా బాధతో వివరణ ఇచ్చుకున్నాడు. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అక్టోబరు 8న ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఇండియానపోలిస్‌లో నైనర్స్ మ్యాచ్‌కు వచ్చి, ఆటగాళ్లు మోకాలు వంచగానే లేచి వెళ్లిపోయాడు. అదే రోజు జెర్రీ జోన్స్, జెండాను అగౌరవపరిచే ఆటగాణ్ని ఆడనివ్వనని ప్రకటించాడు. రెండు వారాల కిందటే గీతానికి ముందు తన ఆటగాళ్లతో కలిసి తానూ మోకాలు వంచిన మనిషి ఆయన.

గీతాన్నీ ఆటనూ ముడిపెట్టింది ఆటగాళ్లు కాదన్నది ఇక్కడ చెప్పి తీరాలి. 2009 వరకు రాత్రి ప్రసారమయ్యే పెద్ద మ్యాచ్‌లలో గీతం పాడేటప్పుడు ఆటగాళ్లు సాధారణంగా లాకర్ రూమ్‌లోనే ఉండేవారు. మైదానాల్లో సైనికులకు చేసే సన్మానాల్లో కొన్నింటికి రక్షణ శాఖ డబ్బు చెల్లించిందని 2015లో ఇద్దరు రిపబ్లికన్ సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ నివేదికలో బయటపెట్టారు. వివిధ క్రీడల జట్లకు అందిన మొత్తం 68 లక్షల డాలర్లని లెక్కగట్టారు. దేశభక్తి ప్రదర్శనను వ్యాపారంలో భాగం చేసుకున్న లీగ్, ఆ వేదిక మీదే ఒక ఆటగాడు తన బాధ చెప్పుకుంటే రాజకీయం వద్దనడం న్యాయంగా లేదు.

యజమానులు కుమ్మక్కై తనకు పని లేకుండా చేశారని కేపర్నిక్ 2017 అక్టోబరులో ఫిర్యాదు చేశాడు. దాన్ని కొట్టేయాలన్న లీగ్ వాదనను మధ్యవర్తి 2018 ఆగస్టులో తోసిపుచ్చాడు. విచారణ జరిగి ఉంటే యజమానులు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలాలూ, లోపలి ఉత్తర ప్రత్యుత్తరాలూ తీర్పుకు వచ్చేవి. 2019 ఫిబ్రవరి 15న ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి. వివరాలు గోప్యం. ఆట చాలకనా, నిరసన వల్లనా అన్న ప్రశ్నకు జవాబు అక్కడితో మూతపడింది.

ఆ ప్రశ్నకు కేపర్నిక్ కంటే మంచి పరీక్ష ఎరిక్ రీడ్. అతను మొదటి రౌండ్ ఎంపిక, ప్రో బౌల్‌కు ఎంపికైన సేఫ్టీ, 2018 మార్చిలో ఒప్పందం ముగిసేనాటికి వయసు 26. ఆట పడిపోయిందనే మాట అతనికి అంటదు. అయినా సీజన్ మొదలయ్యే వరకు ఎవరూ తీసుకోలేదు. సెప్టెంబరు చివర్లో కరోలినా తీసుకుంది, 13 మ్యాచ్‌లలో ఆరంభం నుంచే ఆడించింది, మరో మూడేళ్ల ఒప్పందమూ ఇచ్చింది. అభిమానుల వాదనల్లో కేపర్నిక్ పేరు వందసార్లు వస్తే రీడ్ పేరు ఒక్కసారి రాదు. రీడ్ కథలో పార్టీల కొట్లాటకు కావాల్సినంత సరుకు లేదు. ఆధారం మాత్రం అందులోనే ఎక్కువ.

అదే నైనర్స్ 2019లో రెండో ఎంపికగా నిక్ బోసాను తీసుకుంది. కేపర్నిక్‌ను ఎగతాళి చేస్తూ, ట్రంప్‌ను మెచ్చుకుంటూ గతంలో అతను పెట్టిన ట్వీట్లు డ్రాఫ్ట్‌కు ముందు బయటికొచ్చాయి. బోసా వాటిని తీసేసి, ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించమన్నాడు. 2022లో లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు, 2023లో ఐదేళ్లకు 17 కోట్ల డాలర్ల ఒప్పందం పొందాడు. 2024 అక్టోబరు 27న డాలస్‌ను ఓడించాక, సహచరులు టీవీతో మాట్లాడుతుంటే ట్రంప్ నినాదం ఉన్న టోపీతో కెమెరా ముందుకొచ్చాడు. ఎన్నికలు ముగిశాక లీగ్ 11,255 డాలర్ల జరిమానా వేసింది. జట్టులో అతని చోటుకు ఇసుమంతైనా ముప్పు రాలేదు. రాకూడదు కూడా, ఆటగాడికి తన అభిప్రాయం చెప్పుకునే హక్కుంది. అదే హక్కు 2016లో మోకాలు వంచినవాడికీ ఉండాల్సింది. అప్పుడు కేపర్నిక్ హక్కు కోసం నిలబడినవాళ్లలో కొందరు బోసాను పంపేయమన్నారు, అప్పుడు క్రీడల్లో రాజకీయాలేమిటన్నవాళ్లలో కొందరు టోపీకి జేజేలు కొట్టారు. బోసా విషయంలో తేడా ఏమిటంటే, అతని లాంటి పాస్ రషర్‌ను వదులుకునే జట్టు లేదు. అభిప్రాయ స్వేచ్ఛ విలువ ఆటగాడి మార్కెట్ విలువను బట్టి తేలుతోంది.

ఇంత వాదనలోనూ చర్చకు రానిది యజమాని చేసే అసలు రాజకీయం. లీవైస్ స్టేడియం ఉన్న శాంతాక్లారా జనాభా 2020 లెక్కల్లో లక్షా 28 వేల లోపు. అక్కడా, చుట్టుపక్కల సన్నీవేల్, శాన్‌హోసేలోనూ వేల తెలుగు కుటుంబాలున్నాయి. స్టేడియం నగరానికి చెందిన సంస్థది, నిర్వహణ జట్టుది. 2019లో ఆ నిర్వహణ ఒప్పందాన్ని రద్దు చేయాలని నగర కౌన్సిల్ ఓటేసింది. 2020 కౌన్సిల్ ఎన్నికల్లో నైనర్స్ అధినేత జెడ్ యార్క్ సుమారు 30 లక్షల డాలర్లు ఖర్చు పెట్టాడు. మెజారిటీ మారింది. ఆ తర్వాత నగర అటార్నీనీ, నగర మేనేజరునూ తొలగించారు, జట్టుతో వివాదాన్ని 2022లో రాజీ చేసుకున్నారు. అదే ఏడాది కౌంటీ సివిల్ గ్రాండ్ జ్యూరీ కౌన్సిల్‌కూ జట్టుకూ మధ్య సంబంధాలను తీవ్రంగా తప్పుబట్టింది. ఆ నివేదికను విడుదలకు ముందే జట్టు ప్రతినిధికి చేరవేసి, దాని గురించి అబద్ధపు సాక్ష్యం చెప్పిన కౌన్సిల్ సభ్యుణ్ని 2024 డిసెంబరులో కోర్టు దోషిగా తేల్చింది.

2026లో సూపర్ బౌల్‌నూ, సాకర్ ప్రపంచకప్ మ్యాచ్‌లు ఆరింటినీ ఈ స్టేడియానికే కేటాయించారు. పోలీసు బందోబస్తు ఖర్చు ఎవరి జేబులోంచి రావాలన్నది ఆ కౌన్సిల్ బల్ల మీదికే వచ్చింది. బోసా టోపీ మీద అభిప్రాయం లేని నైనర్స్ అభిమాని అరుదు. తమ వార్డు సభ్యుడి ప్రచారానికి ఎవరి డబ్బు వచ్చిందో శాంతాక్లారాలో ఓటున్న అభిమానులు చూడదలిస్తే, ఆ లెక్క నగర క్లర్కు కార్యాలయం దగ్గర ఉన్న ప్రచార వ్యయ పత్రాల్లో ఉంటుంది.