జేబులోని నిఘంటువు

తార్నాక కూడలి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి నడచిపోయే విద్యార్థి జేబులో నేడు పది నిఘంటువులున్నవి. శబ్దరత్నాకరము, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు మున్నగు ఉద్గ్రంథాలను ఒకప్పుడు గ్రంథాలయంలో కూర్చుండి తిరగవేయవలసి వచ్చేది. ‘ఆంధ్రభారతి’ వంటి అంతర్జాల నిలయాలు వానిని ఫోనులోనే చూచుకొనే వీలు కల్పించినవి. దీనిని చూచి నిట్టూర్చే పెద్దలున్నారు. ఆ నిట్టూర్పు న్యాయం కాదు. నిఘంటువు అందరికీ అందుబాటులోనికి రావడం ఏ భాషకైనా భాగ్యమే. ఆలోచింపవలసినది వేరొకటి: చేతికందిన మాటను వ్రాసేవాడు ఏమి చేసుకొంటున్నాడు?

ఒక విద్యార్థి తన తండ్రిని గురించి వ్యాసం వ్రాస్తున్నాడనుకొందాం. “మా నాయన తెల్లవారకముందే నాగలి పట్టేవాడు” అన్న వాక్యం అతనికి సహజంగానే వచ్చినది. అది మరీ సాదాగా ఉన్నదని తోచి, పర్యాయపదాలకై వెదకినాడు. నాయన జనకుడైనాడు, నాగలి హలమైనది. ఇప్పుడు చదువరి కంటికి కనిపించేది ఆ పల్లెటూరి రైతు కాడు. యజ్ఞభూమిని దున్నుతూ సీతను కనుగొన్న మిథిలాధిపతి! అర్థం తప్పలేదు. తండ్రి మాత్రం వాక్యంలో నుండి వెళ్ళిపోయినాడు.

పర్యాయపదాల వెదుకులాట కొత్తదేమీ కాదు. అమరకోశాన్నీ, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహాన్నీ పూర్వులు కంఠస్థం చేసేవారు. అయితే పద్యం వ్రాసేవారికి గణాల నిర్బంధం, యతిప్రాసల నిర్బంధం ఉన్నవి. ఒక మాట పొసగనప్పుడు మరొకటి కావలసివచ్చేది. వచనానికి ఆ ఇబ్బంది లేదు. నాగలిని మూడుసార్లు నాగలి అన్నంతమాత్రాన వచనానికి లోటు రాదు.

రెండవ చిక్కు కాలానిది. బ్రౌన్ నిఘంటువు 1852లో వెలువడి 1903లో సవరణ పొందినది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. గ్విన్ నిఘంటువు 1991లో వచ్చినది. తెరమీద ఇవన్నీ ఒకే ఈడువానివలె ఒకదానిక్రింద ఒకటి నిలుస్తవి. కాని మాటలకు వయసున్నది. భారతంలోని ఉద్యోగపర్వంలో ఉద్యోగమంటే సన్నాహం. నేటి యువకునికి అది నెలజీతం. అడవికి పోయిన రాముడు నారచీరలు కట్టినాడంటే, చీర ఒకప్పుడు వస్త్రమాత్రానికి పేరు గనుకనే. ఉర్దూలో రాజీనామా ఒడంబడిక పత్రం. తెలుగు పత్రికలలో అది పదవీత్యాగం. కావున అర్థంతోపాటు, ఆ అర్థం చెప్పిన గ్రంథమేది, ఏనాటిది అని చూడనివాడు సగమే చూచినట్లు.

ఇంతకూ నిఘంటువుకు మాటలెక్కడివి? ఈ ప్రశ్నకు ఉస్మానియా ఆవరణలోనే సమాధానమున్నది. ఇక్కడి భాషాశాస్త్రశాఖకు తొలి ఆచార్యులైన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాన్ని వెలువరించినది. 1962 నాటి తొలి సంపుటం వ్యవసాయపు మాటలది. 1971 నాటి రెండవది చేనేత మాటలది. అవి కావ్యాలలో నుండి ఏరినవి కావు. ఊరూరా రైతులనూ నేతపనివారినీ అడిగి, వారి నోట విని వ్రాసుకొన్నవి. నాగలిని రాయలసీమలో మడక అంటారన్న సంగతి ఆ నోళ్ళలోనిదే. అంటే, ఏ తండ్రి మాటను విద్యార్థి కొట్టివేసి హలమని వ్రాసినాడో, ఆ తండ్రివంటివారే పండితులకు మాటలిచ్చినవారు.

‘తార్నాక’ అన్న పేరునే చూడండి. తార్ అంటే తీగ అనీ, నాకా అంటే చౌకీ అనీ నిఘంటువు చెప్పగలదు. తీగకంచె వేసిన చౌకీ ఒకప్పుడు ఇక్కడ ఉండేదన్న ముచ్చట మాత్రం పెద్దలు చెప్పుకొంటూ వచ్చినందువల్లనే మిగిలినది.

కావున ఉపాధ్యాయులు పిల్లల చేతిలోని ఫోనును లాగుకొనవలసిన పనిలేదు. మొదట వ్యాసాన్ని ఇంటి మాటలతో పూర్తిచేయించాలి. వర్ణక్రమం దిద్దుకొనడానికీ, సందేహం తీర్చుకొనడానికీ తరువాత నిఘంటువు తెరిపించాలి. అమ్మ నోటనో తాత నోటనో విన్న ఒక మాటను వారానికొకసారి తెచ్చి, అందులో వెదకమనాలి. ఆ మాట అక్కడ కనబడకపోతే పిల్లవాడు సిగ్గుపడనక్కరలేదు. నిఘంటువుకు ఇంకా పని మిగిలి ఉన్నదన్నమాట.