ఆరో స్టేషన్ రాళ్లు

చుక్క రాలిందంటూ వేలెత్తి చూపించేలోపే మాయమైపోతుంది. మరి దాన్ని వెతికి తెచ్చుకోవాలంటే?

2008 అక్టోబరు 6న అమెరికాలోని అరిజోనాలో రిచర్డ్ కొవాల్‌స్కీ టెలిస్కోపుకి ఓ బుల్లి గ్రహశకలం చిక్కింది. అడ్డంగా కొలిస్తే నాలుగు మీటర్లుంటుందేమో! లెక్కలు కడితే, 20 గంటల్లో సూడాన్‌లోని నుబియన్ ఎడారి మీద పడుతుందని తేలింది. భూమిని తాకకముందే ఓ శకలాన్ని కనిపెట్టడం అదే మొదటిసారి. చెప్పినట్టే మర్నాడు తెల్లవారుజామున వచ్చింది. 37 కిలోమీటర్ల ఎత్తులోనే పేలిపోయింది. ఇంకేం మిగులుతుంది, అంతా దుమ్మే అనుకున్నారు చాలామంది.

సెటి సంస్థ శాస్త్రవేత్త పీటర్ జెన్నిస్కెన్స్‌కి మాత్రం ఆశ చావలేదు. ఖార్తూమ్ విశ్వవిద్యాలయంలోని మువావియా షద్దాద్‌ని కలిశారు. ఇద్దరూ ముందు చేసిన పని... కళ్లారా చూసినవాళ్లని అడగడం! వాది హల్ఫా ఊళ్లో, ఎడారి మధ్యలోని ఆరో నంబరు రైల్వేస్టేషన్లో జనం ఆ వెలుగు ఎటునుంచి వచ్చిందో, ఎక్కడ ఆరిపోయిందో చెప్పారు.

డిసెంబరు 6న దాదాపు 45 మంది విద్యార్థులు, సిబ్బంది ఎడారిలో దిగారు. కలుపు తీసే కూలీల్లా పక్కపక్కన వరసకట్టి, నేలమీంచి చూపు తిప్పకుండా నడక మొదలెట్టారు. కొత్తగా పడ్డ ఉల్కకి పైన కాలిన నల్లటి పెంకు ఉంటుంది. లేత రంగు ఇసుకలో అదే ఆనవాలు. మొదటిరోజే ఓ చిన్న ముక్క దొరికింది. తర్వాత్తర్వాత వెతికినకొద్దీ దొరికాయి. మొత్తం 600కు పైగా ముక్కలు, పదిన్నర కిలోలు. పేలకముందు ఆ శకలం బరువు సుమారు 80 టన్నులని అంచనా!

ఉల్కల వేటలో తొందర ఎందుకంటే, వాటిలో ఇనుము ఉంటుంది. తేమ తగిలితే తుప్పు పడుతుంది. అదే మన కోస్తాలో తుపాను రోజుల్లో పడి ఉంటే ఏమయ్యేదో! అన్నట్టు, ఉల్కేమో చూద్దామని అయస్కాంతం ఆనించడం మనందరికీ తోచే పనే. కానీ దాంతో రాయిలో దాగిన పాత అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి. అందుకే వద్దంటారు.

ఈ ముక్కలన్నీ ఒకే రకం కాకపోవడమే అసలు వింత. ఎక్కువభాగం యూరిలైట్లు, మిగతావి వేరే రకాల ఉల్కలు. ఒక్క శకలంలో ఇన్ని రకాలా, ఎప్పుడో పడ్డ పాత రాళ్లేవో కలిసిపోయాయా అన్న అనుమానం సహజమే. కానీ వాటి తాజాదనమే సాక్ష్యమిచ్చింది, అన్నీ ఆ తెల్లవారుజామున పడ్డవేనని. వాటికి పెట్టిన పేరు అల్మహాతా సిత్తా. అరబ్బీలో ఆరో స్టేషన్ అని అర్థం.