మూత్రపిండ రోగికి ఏది దానం?

దానమంటే మన ప్రాంతంలో ముందుగా తలపునకు వచ్చేవి అన్నము, నీరు, పండ్లు. కొండగట్టు అంజన్న సన్నిధిలో చిన్న జయంతికీ, పెద్ద జయంతికీ దీక్షాపరుల కోసం దాతలు చలివేంద్రాలు పెడతారు, అన్నదానాలు చేస్తారు. ఈ సంప్రదాయం శ్లాఘనీయమే. అయితే ఆ చేయినే మూత్రపిండాలు చెడిన రోగివైపు చాచేటప్పుడు దాత కొంత ఆలోచించవలెనని నా మనవి.

మూత్రపిండాలు పనిచేయని దేహంలో పొటాషియం బయటకు పోక రక్తంలో పేరుకొంటుంది. అది మితిమీరితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కొబ్బరినీళ్ళలోనూ అది అధికమే. మూత్రం సరిగా రాని రోగికి మంచినీరు సైతం కొలిచి ఇవ్వవలసిందే. ఆరోగ్యవంతునికి హితమైనది ఇతనికి అపథ్యం. కనుక పండ్లబుట్టతో పరామర్శకు వెళ్ళేవారు వైద్యుడు చెప్పిన పథ్యమేమిటో ముందుగా ఇంటివారిని అడగాలి.

మరి ఏమి ఇవ్వాలి? చరక సంహిత చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. గురుకులంలో మేము వల్లించిన తొలి పాఠాలలో ఇది ఒకటి. ఈ వ్యాధిలో మొదటి రెండు పాదాలకు నేడు కొంత ఆదరువు ఉంది. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితంగా జరుగుతున్నది. రోగికి కూడా 2022లో తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,016 రూపాయల పింఛను మంజూరు చేసింది. పరిచారకుని ఊసే ఎవరూ ఎత్తరు. ఆ పరిచారకుడు తరచుగా రోగి భార్య, తల్లి, లేదా చదువు మానుకొన్న కొడుకు.

లెక్క చూడండి. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు యంత్రం వద్ద గడపాలి. కొండగట్టు పరిసర గ్రామాల నుంచి జగిత్యాలకో, సుమారు 35 కిలోమీటర్ల దూరాన ఉన్న కరీంనగర్‌కో రాకపోకలు కలిపితే పగలంతా గడిచిపోతుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చిన మాట నిజమే. కానీ డయాలసిస్ ముగిసి నీరసించిన మనిషిని రద్దీ బస్సులో తీసుకురావడం కష్టం. ఆటో మాట్లాడుకోవలసి వస్తుంది. రోగి సంపాదన ముందే పోయింది, తోడు వెళ్ళినవారి కూలి కూడా పోతుంది. మూత్రపిండ మార్పిడి జరిగితే తప్ప ఇది జీవితాంతం సాగవలసిన ప్రయాణం.

ఇక్కడ కావలసింది ఒకనాటి ఉదారత కాదు, నెలనెలా అందే చేయూత. పది కుటుంబాలు తలా 200 రూపాయలు వేసుకొంటే నెలకు 2,000 రూపాయలవుతాయి. ఆటో ఖర్చులో, పోయిన కూలిలో కొంతైనా పూడుతుంది. డబ్బు వీలుకానివారు వంతులవారీగా ఒక దినం రోగికి తోడు వెళ్ళవచ్చు. బడి నుంచి వచ్చిన ఆ ఇంటి పిల్లలకు అన్నం పెట్టవచ్చు. పళ్ళెం చేతికిస్తూ ఫొటో తీయించుకోవడం మాత్రం వద్దు. ఆ కుటుంబానికి మిగిలింది గౌరవమొక్కటే.

దానంగా ఇవ్వకూడనిది మరొకటి ఉంది: తెలిసీ తెలియని మందు. ఈశ్వరి, గాడిదగడప మొక్కలలోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను చెరుస్తుందని నేడు నిర్ధారణ అయింది. సరిగా శుద్ధి చేయని లోహభస్మాలూ ప్రమాదకరమే. “డయాలసిస్ మాని ఈ కషాయం తాగు” అనే సలహా ప్రాణం తీయగలదు. ఆయుర్వేదాన్ని నమ్మి జీవించిన వైద్యుడిగానే ఈ మాట చెబుతున్నాను.

దేశకాలపాత్రాలెరిగి చేసేదే సాత్త్విక దానమని గీత బోధించింది. ఈ రోగి విషయంలో దేశం ఆసుపత్రికి పోయే దారి. కాలం వారంలో ఆ రెండు మూడు దినాలు. పాత్రులు రోగి, అతని పక్కన కూర్చున్న మనిషి. మీ వీధిలో అటువంటి ఇల్లు ఉన్నదేమో ఈ వారమే విచారించండి.